పాత ట్రాక్టర్లలో పవర్ స్టీరింగ్ పంపు: శబ్దం, లీకేజీ – నివారణ

స్టీరింగ్ తిప్పేటప్పుడు పంపు నుండి మూలుగు వంటి శబ్దం వచ్చినంత మాత్రాన పంపు అరిగిపోయిందని నిర్ధారించరాదు. ట్యాంకులో ఆయిల్ తగ్గినా, ఆయిల్‌ను పంపులోకి లాగే గొట్టం పగిలినా, దాని క్లిప్పు వదులైనా గాలి లోనికి చేరి శబ్దం పుడుతుంది. ఈ గొట్టంలో పీడనం తక్కువగా ఉండడం వల్ల, పగులు నుండి ఆయిల్ కారకుండానే గాలి ప్రవేశించగలదు. ఆయిల్‌పై నురుగు ఇందుకు గుర్తు. అలాగే నడిపితే పంపు లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి.

లీకేజీని గుర్తించడానికి పంపును శుభ్రంగా తుడిచి, ఇంజిన్ నడిపి, తడి మొదట కనిపించే చోటును గమనించాలి. అధిక పీడనంతో చిమ్మే ఆయిల్ చర్మంలోకి చొచ్చుకుపోతుంది కనుక చేతితో తడమరాదు, అట్టముక్కను వాడాలి. గొట్టాల అతుకుల వద్ద కారితే ఓ-రింగును లేదా వాషరును, షాఫ్టు వద్ద కారితే ఆయిల్ సీలును మార్చాలి. ఇంజిన్ గేర్లతో నడిచే పంపులలో సీలు చెడితే ఆయిల్ బయటకు కనబడక ఇంజిన్‌లోకి చేరవచ్చు. స్టీరింగ్ ఆయిల్ తగ్గుతూ ఇంజిన్ ఆయిల్ మట్టం పెరుగుతుంటే ట్రాక్టరును వెంటనే నిలిపివేయాలి.

మరమ్మతు తరువాత తయారీదారు సూచించిన ఆయిల్ నింపాలి. ముందు చక్రాలను పైకెత్తి స్టాండ్లపై నిలిపి, ఇంజిన్‌ను తక్కువ వేగంతో నడుపుతూ స్టీరింగ్‌ను ఇరువైపులా నెమ్మదిగా తిప్పి గాలిని తొలగించాలి. ఆ పిదప కూడా శబ్దం తగ్గకుంటేనే పంపు మార్పిడిని రైతుకు సూచించాలి.