కంప్యూటరు రాసే మందుల చీటీ

నేనుండే ఇర్వింగ్‌కీ ఆసుపత్రుల సాఫ్ట్‌వేరుకీ దూరపు చుట్టరికం ఒకటుంది. మందులు పంపిణీ చేసే మెకెసన్ కంపెనీ 2019లో తన ముఖ్య కార్యాలయాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఇక్కడి లాస్ కొలీనాస్‌కి మార్చింది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తన ఆసుపత్రి కోసం రాసుకున్న విజ్‌ఆర్డర్ అనే ప్రోగ్రామును ఊరూరా అమ్మింది ఈ కంపెనీయే. ఆ వ్యాపారాన్ని 2017లోనే ఆల్‌స్క్రిప్ట్స్‌కి అమ్మేసింది కనక మా ఊరొచ్చింది మందులే గాని సాఫ్ట్‌వేరు కాదు!

విజ్‌ఆర్డర్ లాంటి వాటిని సి.పి.ఓ.ఇ. అంటారు. డాక్టరు కాగితం మీద గిలకకుండా మందు పేరు, మోతాదు, వేళలు స్వయంగా తెర మీద నింపాలి. ఆ రాత చదవడానికి ఫార్మసిస్టు కళ్ళు చికిలించుకోనక్కరలేదు. రోగికి పెన్సిలిన్ పడదని రికార్డులో ఉంటే కంప్యూటరు హెచ్చరిస్తుంది. ఆలోచన పాతదే, కాలిఫోర్నియాలోని ఎల్ కమీనో ఆసుపత్రి 1971లోనే మొదలుపెట్టింది. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో దీన్ని పెట్టాక, ఎవరి కంటా పడకుండా రోగి దాకా వెళ్ళే తీవ్రమైన పొరపాట్లు 55 శాతం తగ్గాయని 1998లో లెక్క తేల్చారు. 2009 నాటి హైటెక్ చట్టంతో ప్రభుత్వమే డబ్బిచ్చి మరీ ఆసుపత్రుల చేత పెట్టించింది.

ఇంత లాభం ఉన్నదాన్ని డాక్టర్లు ఎందుకు వద్దంటారు? లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్ సైనాయ్‌లో 2003లో వందలమంది డాక్టర్లు ఎదురు తిరిగితే, పెట్టిన కొద్ది నెలలకే ఆపేశారు. వాళ్ళది వట్టి మొండితనం అనుకునేవారు పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రి కథ వినాలి.

అక్కడ 2002 అక్టోబరులో ఆరు రోజుల్లో ఆసుపత్రి మొత్తాన్నీ కొత్త పద్ధతికి మార్చేశారు. పాత పద్ధతిలో, వేరే ఆసుపత్రి నుంచి ప్రాణాపాయంలో ఉన్న పిల్లవాణ్ణి తీసుకొస్తుంటే, దారిలో ఉండగానే డాక్టరు మందులు రాసి సిద్ధం చేయించేవాడు. కొత్త పద్ధతిలో పిల్లవాడు వచ్చి, పేరు నమోదయితే గాని ఆర్డరు పెట్టడానికి వీల్లేదు. డేటాబేసు తెలిసిన మనకి ఇది సబబుగానే తోస్తుంది: రోగి రికార్డే లేకుండా ఆర్డరు ఎలా? కానీ అక్కడ నిమిషాలతో పని. కాగితం మీద క్షణాల్లో అయ్యే ఆర్డరుకి పది క్లిక్కులు, ఒకటి రెండు నిమిషాలు పట్టేది. పైగా వార్డులో చేతికందే మందులు కూడా సెంట్రల్ ఫార్మసీకి తరలిపోయాయి. అలా బయటనుంచి తెచ్చిన పిల్లల్లో, అంతకు ముందు 13 నెలల్లో 1394 మందికి 39 మంది చనిపోతే, తరవాతి 5 నెలల్లో 548 మందికి 36 మంది చనిపోయారు. 2.80 శాతం 6.57 అయింది. ఈ లెక్కలు 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో అచ్చయ్యాయి.

తప్పు సాఫ్ట్‌వేరుదేనా? అదే కంపెనీ సరుకుని సియాటిల్ పిల్లల ఆసుపత్రి కూడా పెట్టుకుంది. అక్కడ మరణాలు పెరగలేదని 2006లో తేలింది. వాళ్ళు పిట్స్‌బర్గ్ అనుభవం తెలుసుకుని, ఐ.సి.యు.లో తరచు వాడే ఆర్డర్ల కట్టలు ముందే తయారుచేసుకున్నారు. నన్నడిగితే ఆ కట్టలు కట్టడమే అసలు ప్రాజెక్టు. ఇన్‌స్టాలేషను అందులో చివరి అంకం.

అలవాటు పడ్డాక కూడా ప్రమాదం ఎక్కడుంటుందో 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యు.సి.ఎస్.ఎఫ్. ఆసుపత్రిలో కనిపించింది. పదహారేళ్ళ కుర్రాడికి 160 మి.గ్రా. మాత్ర ఒకటి ఇద్దామని డాక్టరు 160 అని టైపు చేశారు. కుర్రాడు 40 కిలోల లోపు కనక యూనిట్ల గడి దానంతటదే ‘కిలోకి ఇన్ని మి.గ్రా.’ అని ఉంది. కంప్యూటరు బరువుతో గుణించి 38న్నర మాత్రలంది. హెచ్చరికలు వచ్చాయి. రోజూ వచ్చే అనవసరపు హెచ్చరికలతో విసిగిన డాక్టరూ, ఫార్మసిస్టూ వాటిని మూసేశారు. రోబో పొట్లాలు కట్టింది. నర్సుకి అనుమానం వచ్చి బార్‌కోడు చూస్తే, 38న్నరే సరి అంది కంప్యూటరు. కుర్రాడికి మూర్ఛ వచ్చింది, అదృష్టం, బతికాడు.

ఆసుపత్రి దీన్ని దాచిపెట్టలేదు. అక్కడి డాక్టరు రాబర్ట్ వాక్టర్ 2015లో ‘ది డిజిటల్ డాక్టర్’ పుస్తకంలో పూసగుచ్చినట్టు రాశారు. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఉన్న మనవాళ్ళు ఆ అధ్యాయాలైనా చదివితే, ఈసారి డిఫాల్టు యూనిటు ఏం పెట్టాలన్న మీటింగులో కునుకు తియ్యరు.