చెయ్యి తెగితే పైసలు ఎవలియ్యాలె? ఓటేసి తేల్చిన వాషింగ్టన్ జనం

మిషన్ల పడి చెయ్యి తెగింది. దవాఖాన బిల్లు ఎవలు కట్టాలె? ఆరు నెలలు పనికి పోకపోతే ఇల్లెట్ల గడవాలె? కార్ఖానల కొలువు జేసే ప్రతి ఇంట్ల ఉండే భయమే ఇది. గీ ముచ్చట మీద అమెరికాల ఒక రాష్ట్రం జనం సీదా ఓట్లేసిర్రు. 2010 నవంబర్ 2 నాడు, వాషింగ్టన్ రాష్ట్రంల. దేశ రాజధాని వాషింగ్టన్ వేరే, ఇది వేరే. ఇది పడమటి ఒడ్డున ఉంటది. మనోళ్లు మస్తుమంది సాఫ్ట్‌వేర్ కొలువులు జేసే సియాటెల్, రెడ్మండ్ ఈ రాష్ట్రంలనే ఉన్నయ్.

వాళ్లు ఎమ్మెల్యేకో, ఎంపీకో ఏసిన ఓటు కాదిది. ఒక చట్టానికే అవునో కాదో చెప్పిన ఓటు. అక్కడ ఎవలైనా ఒక చట్టం రాసుకోని, దానికి జనంతోని సంతకాలు పెట్టియ్యొచ్చు. అంతకుముందు గవర్నర్ ఎన్నికల పడ్డ ఓట్లల్ల నూటికి 8 వంతుల సంతకాలు జమయితే, ఆ చట్టం బ్యాలెట్ మీదికెక్కుతది. 2010ల ఆ లెక్క 2,41,153 సంతకాలు. గట్ల ఎక్కిన వాటిల్ల ఒకటి 'ఇనిషియేటివ్ 1082'. పనికాడ దెబ్బ తాకిన కార్మికులకు పైసలిచ్చే ఇన్సూరెన్స్‌ల ప్రైవేటు కంపెనీలను రానియ్యాలె అన్నదే దాని సారం.

ఇది సమజ్ కావాలంటే వందేండ్లు ఎనుకకు పోవాలె. వాషింగ్టన్ అంటే గప్పుడు అడవులు, కట్టె కోసే మిల్లులు, బొగ్గు గనులు. చెట్టు మీద పడి సచ్చేటోళ్లు, రంపంల కాలు పోయేటోళ్లు లెక్కకు మిక్కిలి. దెబ్బ తాకినోడు కోర్టుకు పోయి, తప్పు ఓనర్‌దే అని నిరూపించాలె. ఏండ్లు పడుతది, వకీలు ఫీజులకే ఉన్నదంతా ఊడ్సుకపోతది. అటు ఓనర్‌కు గూడ భయమే. ఒక్క కేసు ఓడిపోతే మిల్లు అమ్ముకోవాలె.

గందుకే 1911ల రాష్ట్రం చట్టం జేసింది. తప్పెవలిదైనా సరే, పనికాడ దెబ్బ తాకితే పైసలు అందుతయ్. దానికి బదులు కార్మికుడు ఓనర్ మీద కోర్టుకు పోయే హక్కు వదులుకోవాలె. ఇద్దరూ కొంత ఇడిసిపెట్టి, కొంత తీసుకున్న ఒప్పందమన్నట్టు. ఈ కిస్తీలు వసూలు జేసుడు, పైసలు పంచుడు సర్కారు ఫండే సూసుకుంటది. ప్రైవేటు బీమా కంపెనీకి అండ్ల జాగ లేదు. పెద్ద పెద్ద కంపెనీలు మాత్రం పర్మిషన్ తీసుకోని, సొంతంగ తమ పైసలతోని కార్మికులకు కట్టుకోవచ్చు. అమెరికా మొత్తంల గిట్ల ప్రైవేటును రానియ్యని రాష్ట్రాలు నాలుగే: వాషింగ్టన్, ఒహాయో, నార్త్ డకోటా, వయోమింగ్.

వాషింగ్టన్‌ల ఇంకో వింత ఉన్నది. వేరే రాష్ట్రాలల్ల ఈ కిస్తీ మొత్తం ఓనరే కడ్తడు. ఇక్కడ కార్మికుని జీతంల నుంచి గూడ కొంత కోస్తరు, దగ్గర దగ్గర పావు వంతు. అదిగూడ జీతం మీద కాదు, పనిచేసిన గంటల మీద లెక్క. దెబ్బ తాకి ఇంట్ల ఉంటే, పెండ్లయిందా, పిల్లలెందరు అన్నది సూసి, జీతంల 60 నుంచి 75 శాతం దాక ఇస్తరు.

ఇగ 1082 ఏమన్నది? 2012 జులై నుంచి ప్రైవేటు కంపెనీలు గూడ ఈ బీమా అమ్మొచ్చు. సర్కారు ఫండ్ మూతపడది, వాటితోని పోటీ పడాలె. కార్మికుని జీతంల కోత బంద్, కిస్తీ మొత్తం ఓనర్ మీదనే. దీన్ని ముందుండి నడిపింది ఆ రాష్ట్రం బిల్డర్ల సంఘం. ఎనుక పెద్ద బీమా కంపెనీలు పైసలు పెట్టినయ్.

వాళ్ల వాదన ఉత్తగ తీసిపారేసేది కాదు. ఒకటే దుకాణం ఉంటే అది చెప్పిన రేటే రేటు. నాలుగు దుకాణాలుంటే ధర దిగుతది, పని తొందరగయితది. సర్కారు ఫండ్‌ల కేసులు ఏండ్లకేండ్లు సాగుతయని, కిస్తీలు పెరుగుతున్నయని చిన్న ఓనర్లకు నిజంగనే కోపముండె. మిగిలిన రాష్ట్రాలల్ల ప్రైవేటు నడుస్తుంటే మనకెందుకు వద్దని అడిగిర్రు.

ఎదురు నిలబడ్డయి కార్మిక సంఘాలు. వాళ్ల ప్రశ్న ఒక్కటే: దెబ్బ తాకినోనికి 'నీకు పైసలు రావు' అని చెప్పేటోడు ఎవడు? సర్కారు ఫండ్ కాదన్నా ఆ మిగిలిన పైస ఎవ్వల జేబులకు పోదు, ఫండ్‌లనే ఉంటది. కంపెనీ కాదంటే అది కంపెనీ లాభమైతది. ఒక్కొక్క 'కాదు'కు రేటు ఉన్నకాడ 'కాదు'లు పెరుగుతయని వాళ్ల భయం. కంపెనీలు దగా జేస్తే పట్టుకునే చట్టాలల్ల ఈ ఇనిషియేటివ్ సందులు పెట్టిందని గూడ వాళ్లు చెప్పిర్రు.

ఓట్లు లెక్కబెడితే నూటికి 59 మంది వద్దన్నరు, 41 మంది కావాలన్నరు. ఒక్కటి ఆలోచించుర్రి. 1082 గెలిస్తే కార్మికుని జీతంల కోత ఆగిపోతుండె. చేతిల నాలుగు పైసలు మిగులుతుండె. అయినా జనం ఒప్పుకోలే. కోత ఆగుడు కండ్లకు కనబడే లాభం. దెబ్బ తాకిన నాడు ఎవల ముందర చెయ్యి చాపాలె అన్నది కనబడని లెక్క. ఓటేసేటప్పుడు ఎక్కువమంది ఆ రెండో లెక్క దిక్కే మొగ్గిర్రు.

ఇదే మొదటిసారి కాదు. ఒహాయోల 1981లనే గిసొంటి ప్రతిపాదన బ్యాలెట్ మీదికొస్తే, అయిదుగురిల నలుగురు దాక వద్దన్నరు. వెస్ట్ వర్జీనియాల కథ వేరే. అక్కడ సర్కారు ఫండ్ వందల కోట్ల డాలర్ల అప్పుల మునిగింది. 2005ల శాసనసభనే ప్రైవేటు చేసే చట్టం తెచ్చింది, 2008 జులైల వేరే కంపెనీలకూ తలుపు తీసింది. తర్వాత ఓనర్ల కిస్తీలు తగ్గిన మాట నిజం. కానీ అంతకుముందే, 2003ల, కార్మికునికి అందేదాన్ని కుదించే మార్పులు గూడ జేసిర్రు. అంటే కిస్తీ తగ్గుడంతా పోటీ గొప్పదనమే అనలేం. సర్కారు చేతిల ఉంటే చాలు, అంతా మంచిగనే ఉంటదని గూడ అనలేం. ఫండ్‌ను సక్కగ నడపకపోతే అది మునుగుతది, దాంతోని కార్మికుడూ మునుగుతడు.

మరి మనకెందుకీ ముచ్చట? మన దిక్కు గూడ ఇదే ఒప్పందం ఉన్నది. 1923 నాటి నష్టపరిహార చట్టం, 1948 నాటి ఈఎస్ఐ చట్టం. ఈఎస్ఐకి కార్మికుని జీతంల 0.75 శాతం కోస్తరు, ఓనర్ 3.25 శాతం కడ్తడు. పనికాడ దెబ్బ తాకి ఇంట్ల ఉంటే జీతంల 90 శాతం రావాలె. కాయిదం మీద సూస్తే వాషింగ్టన్ కన్నా ఎక్కువే. కానీ నెల జీతం 21,000 దాటినోళ్లు, పదిమంది లేని చిన్న చిన్న కార్ఖానలోళ్లల్ల చానమంది అండ్ల ఉండరు. మేస్త్రీ కింద, కాంట్రాక్టర్ కింద పనిచేసేటోళ్ల పేర్లు రిజిస్టర్లకెక్కుడే కష్టం. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీల పేలుడుకు 40 మందికి పైగా సచ్చిపోయిర్రు. అండ్ల చానమంది వేరే రాష్ట్రాల నుంచి పొట్టచేత పట్టుకోని వచ్చినోళ్లే.

ఇంకో తేడా గూడ సూడుర్రి. వాషింగ్టన్‌ల ఈ చట్టం మారాల్నా వద్దా అని ఓటరును అడిగిర్రు. ఇక్కడ 1923, 1948 చట్టాలను సామాజిక భద్రతా కోడ్‌ల కలిపేసుడు 2020 సెప్టెంబర్‌ల పార్లమెంటుల అయిపోయింది. 2025 నవంబర్ 21 నుంచి అమలుకు తెచ్చిర్రు. అది మంచిదా చెడ్డదా అన్నది తర్వాత. దెబ్బలు తినే కార్మికులల్ల ఎంతమందికి ఆ ముచ్చట తెలిసింది?

మనకు బ్యాలెట్ లేకపోవచ్చు, అడిగే నోరున్నది. రేపు ఎవలన్న వచ్చి 'ప్రైవేటుకిస్తే అంతా బాగైతది' అన్నా, 'సర్కారే సూసుకుంటది' అన్నా, మూడు ముచ్చట్లు అడగాలె. కిస్తీ ఎవలు కడ్తరు? కాదనే అధికారం ఎవలిది, కాదంటే వానికేం లాభం? కాదన్నంక నేనెక్కడికి పోవాలె? గీ మూడిటికి సీదా జవాబు రాకపోతే, బోర్డు మీద ఏ పేరు రాసున్నా దెబ్బ తాకినోనికి ఒరిగేదేం లేదు.

ఈ నెల జీతం చీటీ చేతికొస్తే ఈఎస్ఐ కోత ఉన్నదో లేదో సూడుర్రి. కోత ఉంటే, మీ పేరు మీద నంబర్ ఉన్నదా అని అడుగుర్రి. కోత లేకపోతే, దెబ్బ తాకిన నాడు ఎవలు సూసుకుంటరో ఇయ్యాల్నే అడుగుర్రి. దెబ్బ తాకినంక అడిగితే వినేటోడు దొరకడు.