ఫార్మలిన్‌లో వేయని ముక్క

నా మైక్రోస్కోప్ ఉండేది ఆపరేషన్ థియేటర్ పక్క గదిలో. తడి గుడ్డలో బియ్యపుగింజంత మెదడు ముక్క వస్తుంది. రెండు స్లైడుల మధ్య నొక్కి, రంగు వేసి చూస్తాను. అవతల పుర్రె తెరిచిన సర్జన్ నా ఫోను కోసం ఆగి ఉంటారు.

ఆ రోజు కాగితం మీద ‘గ్లయోమా?’ అని, అంటే మెదడు ట్యూమరేమోనని ఉంది. నలభై ఏళ్లాయన. రెండు నెలలుగా తలనొప్పి, ఒకసారి ఫిట్స్. ఎమ్మారైలో నల్లటి నడిమి భాగం చుట్టూ తెల్లటి ఉంగరం. కాన్సర్ గడ్డ నడుమ కణాలు చచ్చి నల్లగా కనిపిస్తాయి. అంచున దెబ్బతిన్న రక్తనాళాల్లోంచి కాంట్రాస్ట్ మందు కారి మెరుస్తుంది. చీముగడ్డలోనూ, టీబీ గడ్డలోనూ జరిగేది ఇదే. చీము చిక్కగా ఉంటుంది కాబట్టి డిఫ్యూజన్ స్కాన్‌లో చాలాసార్లు పట్టుబడుతుంది. టీబీ అంత సులువుగా దొరకదు. జ్వరం ఉండకపోవచ్చు, ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉండొచ్చు.

వేలూరు సీఎంసీ ఆసుపత్రి అనుభవం నాకెప్పుడూ గుర్తుంటుంది. ఫిట్స్ వచ్చినవాళ్ల సీటీలో చిన్న ఉంగరం కనిపిస్తే టీబీ అనుకుని మందులు మొదలుపెట్టే రోజులవి. మాథ్యూ చాండీ, వేదాంతం రాజశేఖర్‌ల బృందం అలాంటి గడ్డలు తీసి చూస్తే, చాలావాటిలో ఉన్నది పంది బద్దెపురుగు లార్వా. 1989లో లాన్సెట్‌లో రాశారు. మాంసం ముట్టనివాళ్లకూ ఈ లార్వా జబ్బు వస్తుంది. పురుగు గుడ్లు మనిషి మలం నుంచి కడగని కూరగాయల మీదుగా నోట్లోకి చేరతాయి. ఆ చిన్న ఉంగరాలు చాలావరకు వాటంతటవే కరిగిపోతాయి.

అందుకే ముక్క చూడకుండా పేరు పెట్టను. ఆ రోజు నా స్లైడులో కాన్సర్ కణాలు లేవు. జున్నులాంటి కుళ్లు, పక్కనే గుర్రపు నాడాలా కేంద్రకాలు పేర్చుకున్న పెద్ద కణం.

“సార్, ట్యూమర్ కాదు, గ్రాన్యులోమా. టీబీ అనుకుంటున్నాను. కల్చర్‌కి ముక్క ఉంచారా?”

“తీసినదాంట్లో మిగతాదంతా ఫార్మలిన్‌లో వేసేశాం మేడమ్.”

ఫార్మలిన్ క్రిముల్ని చంపేస్తుంది. చచ్చిన క్రిమి కల్చర్‌లో పెరగదు, ఏ మందుకు లొంగుతుందో చెప్పదు. అంతకుముందు ఒకమ్మాయి విషయంలో నేను అడిగేసరికి తల కుట్టేశారు. మందులు గుడ్డిగా ఇవ్వాల్సి వచ్చింది. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

“ఇంకొక్క ముక్క, సెలైన్‌లో పంపండి సార్.”

పంపారు. మాట వచ్చే భాగానికి ఆనుకున్న మిగతా గడ్డను ముట్టుకోకుండా ఆపేశారు. ట్యూమర్ అయితే వీలైనంత తీసేవారే. టీబీ గడ్డ మందులకు కరుగుతుంది.

నాలుగో వారంలో కల్చర్‌లో క్రిములు పెరిగాయి. ఇస్తున్న మందుల్లో ఒకటి వాటిమీద పనిచేయదని తర్వాతి పరీక్షలో తేలింది. రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా వార్డుకు ఫోన్ చేశాను.