నులిపురుగులు: బెల్లం మీద వేసిన నింద

పిల్లాడు నిద్రలో పళ్ళు కొరికినా, తిన్నది ఒంటబట్టకపోయినా, బొడ్డు చుట్టూ నొప్పి అని ఏడ్చినా మన ఇళ్ళల్లో మొదట వినిపించే మాట ఒకటే: "తీపి ఎక్కువైంది, పురుగులు పడ్డాయి." ఆ వెంటనే తప్పు తల్లి మీదకు పోతుంది. అడిగినప్పుడల్లా బెల్లం ముక్క పెట్టిందనీ, చాక్లెట్లు కొనిచ్చిందనీ. ఈ నింద అన్యాయం. దీనివల్ల ఇంకో నష్టం కూడా ఉంది. బెల్లాన్ని తిడుతూ కూర్చుంటే అసలు కారణం మీదకు చూపు పోదు.

"తీపి తింటే కడుపులో పురుగులు పుడతాయి"

పురుగు కడుపులో దానంతటది పుట్టదు. బయటినుంచి రావలసిందే. ఏలికపామునే తీసుకోండి. ఆడది జానెడుకు మించి పెరిగి, రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. అవి మలంతో బయటపడతాయి. అప్పటికప్పుడు ఎవరికీ అంటుకోవు. తేమ, నీడ ఉన్న మట్టిలో రెండు మూడు వారాలు ఉంటే అంటుకునే దశకు వస్తాయి. ఆ మట్టి అంటిన వేళ్ళు నోట్లో పెట్టుకున్నప్పుడో, సరిగా కడగని కొత్తిమీర పచ్చిగా తిన్నప్పుడో గుడ్డు లోపలికి చేరుతుంది. పేగులో పొదిగిన పిల్లపురుగు నెత్తుటితో ఊపిరితిత్తులకు పోయి, అక్కడినుంచి గొంతులోకి పాకి, మింగుడుపడి తిరిగి పేగుకు వస్తుంది. గుడ్డు మింగిన రెండు మూడు నెలలకు అది పెద్దదై మళ్ళీ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది.

ఏలికపాములు మన కడుపులో ఉండి సంఖ్య పెంచుకోలేవు. పాప కడుపులో పది పాములున్నాయంటే పది గుడ్లు నోటి ద్వారా లోపలికి పోయాయన్నమాట. బెల్లం మానిపిస్తే వాటిలో ఒక్కటీ తగ్గదు. పళ్ళు పుచ్చకుండా ఉండాలని తీపి తగ్గించండి, మంచిదే. పురుగుల కోసం మాత్రం అక్కర్లేదు.

"పసిపిల్లల మలంలో ఏముంటుంది?"

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తున్న అపోహ ఇదే. ఇంట్లో మరుగుదొడ్డి ఉంటుంది. పెద్దలంతా వాడతారు. రెండేళ్ళ పిల్లను మాత్రం పెరట్లోనో మురుగుకాలువ గట్టునో కూర్చోబెడతారు. పైన ఇంత బూడిదో మట్టో చల్లుతారు. లేదంటే ఎత్తి చెత్తకుప్పలో పారేస్తారు. పాలు తాగే బిడ్డ మలం హాని చేయదని పెద్దవాళ్ళు చెప్పిన మాటను నాలుగేళ్ళు వచ్చేదాకా పట్టుకుని నడుస్తారు.

నిజానికి ఏలికపాములు ఎక్కువగా ఉండేది పెద్దల్లో కాదు, పాకే వయసు దాటి మట్టిలో ఆడే పిల్లల్లో. వాళ్ళ మలంలోనే గుడ్లు ఎక్కువ. అది పడేది కూడా తోటిపిల్లలు ఆడుకునే చోటే. మట్టి కప్పితే గుడ్లు చావవు, పైగా వాటికి కావలసిన నీడా తేమా దొరుకుతాయి. అనువైన నేలలో ఏలికపాము గుడ్లు ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. అందుకే పసిపిల్లల మలాన్నీ మరుగుదొడ్డిలోనే వేయాలి. వాళ్ళను కడిగిన నీళ్ళూ అందులోకే పోవాలి. కడిగిన చేతిని సబ్బుతో రుద్దుకోవాలి. శానిటైజర్ రాసుకుంటే చాలనుకోవద్దు. అందులోని ఆల్కహాల్‌కు పురుగు గుడ్ల గట్టి పెంకు లొంగదు. సబ్బూ నీళ్ళూ అయితే వాటిని చేతిమీదనుంచి కడిగేస్తాయి.

కొంకిపురుగుది వేరే దారి. దాని పిల్లపురుగులు తడినేలలో కాచుకుని ఉండి, ఉత్తకాళ్ళతో నడిచేవారి చర్మంలోంచే దూరతాయి. పేగు గోడకు కరుచుకుని నెత్తురు పీలుస్తాయి. రోజూ పోయేది కొద్దికొద్దిగానే అయినా, పురుగులు ఎక్కువైతే అసలే రక్తం తక్కువగా ఉన్న పిల్ల పాలిపోతుంది, ఆడుతూ ఆడుతూ ఆయాసపడుతుంది. పొలాలకూ చేలగట్లకూ వెళ్ళే పిల్లలకు చెప్పులు కొనడం ఆడంబరం కాదు.

"మేం మాంసం ముట్టం, మాకెందుకు వస్తాయి?"

మలం కలిసిన మట్టీ నీళ్ళూ ఎవరి ఆచారాన్నీ చూడవు. మూసీ వెంట మురుగునీటితో ఆకుకూరలు పండించే చోట్లున్నాయి. అలాంటి తోటకూర ఏ వంటింటికైనా రావచ్చు. నాలుగైదు నీళ్ళల్లో కడిగి, ఉడికించి తింటే భయం లేదు.

"పళ్ళు కొరికితే పురుగులున్నట్టే"

చాలామంది పిల్లలు నిద్రలో పళ్ళు కొరుకుతారు. పురుగులు లేనివాళ్ళూ కొరుకుతారు. ఇది నమ్మదగిన గుర్తు కాదు. దీనికి ఎదురు అపోహ ఇంకొకటి ఉంది: ఏ బాధా లేదు కాబట్టి పురుగులు లేవని. కొద్ది పురుగులున్న పిల్లల్లో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనబడదు.

స్పష్టమైన గుర్తు ఒకటుంది. రాత్రిపూట మలద్వారం దగ్గర విపరీతమైన దురద. దారం ముక్కల్లా తెల్లగా ఉండే సన్నటి పురుగుల్లో ఆడవి రాత్రి బయటికి వచ్చి అక్కడ గుడ్లు పెడతాయి. పిల్ల గోకుతుంది, గుడ్లు గోళ్ళకింద చేరతాయి, వేలు నోట్లోకి పోతుంది. ఈ గుడ్లకు మట్టితో పనిలేదు. కొద్ది గంటల్లోనే అంటుకునే దశకు వస్తాయి. పక్కబట్టల మీద రెండు మూడు వారాలు బతుకుతాయి. మామూలు మలపరీక్షలో ఇవి తరచు దొరకవు. పొద్దున్నే, కడగకముందు, మలద్వారం దగ్గర టేపు అద్ది పరీక్షకు ఇస్తే తెలుస్తుంది. మందు ఇంటిల్లిపాదీ వేసుకుని, రెండు వారాలకు మళ్ళీ వేసుకోవాలి. గోళ్ళు కత్తిరించాలి, పొద్దున్నే స్నానం చేయించి లోదుస్తులు మార్చాలి, దుప్పట్లు వేడినీళ్ళతో ఉతకాలి.

"ఆముదం పడితే అన్నీ కొట్టుకుపోతాయి"

ఆముదం విరేచనాలు చేయిస్తుంది, పురుగుల్ని చంపదు. పసిపిల్లకు విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు పోతుంది. వేపనూనె విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. శిశువులకు అది తాగిస్తే వాంతులు, మగత, ఫిట్స్ వచ్చి, కాలేయం, మెదడు దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మరణాలూ ఉన్నాయి. ఎంత ఆప్యాయంగా ఇచ్చినా అది వద్దు.

"బడిలో ఇచ్చే మాత్రకు పిల్లలు పడిపోతారు"

2015 నుంచి ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం జరుపుతున్నారు. పురుగుల బెడద ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆగస్టులోనూ జరుపుతారు. 1 నుంచి 19 ఏళ్ళ వారికి అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ ఉచితం. రెండేళ్ళ లోపు వారికి సగం (200 మి.గ్రా.), ఆపైన పూర్తి మాత్ర (400 మి.గ్రా.). ఈ మందు పురుగుకు చక్కెర అందకుండా చేసి చంపుతుంది. మన పేగునుంచి ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. పురుగులు ఎక్కువున్న పిల్లలకు కాసేపు కడుపునొప్పో వికారమో రావచ్చు, త్వరగానే తగ్గుతుంది. ఆ రోజు జ్వరంగానో నలతగానో ఉన్న పిల్లలకు ఇవ్వకుండా, కోలుకున్నాక ఇవ్వాలి.

అసలు జాగ్రత్త మాత్ర మింగించే తీరులో ఉంది. పెద్దపిల్లలు నమిలి తినాలి. చిన్నవాళ్ళకు పొడిచేసి నీళ్ళల్లో కలిపి ఇవ్వాలి. ఏడుస్తున్న పిల్ల ముక్కు మూసి బలవంతాన వేస్తే మాత్ర గొంతుకు అడ్డంపడుతుంది. ఆ ప్రమాదం నిజమైనది.

"ఒకసారి మందు పడితే ఇక బెంగలేదు"

మాత్ర కడుపులో ఉన్న పురుగుల్ని చంపుతుంది. వాకిట్లో ఉన్న గుడ్లను ఏమీ చేయదు. ఆర్నెల్లకోసారి ఇవ్వడం అందుకే. పురుగులు పోగానే పిల్ల బొద్దుగా అయిపోతుందన్న ఆశా సరికాదు. ఉత్తరప్రదేశ్‌లో దాదాపు 10 లక్షల మంది చిన్నపిల్లలతో ఏళ్ళ తరబడి సాగిన 'దేవ్తా' పరిశోధన ఫలితాలు 2013లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆర్నెల్లకోసారి ఆల్బెండజోల్ ఇచ్చిన చోట్ల పురుగులు తగ్గాయి గానీ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ప్రాంతంలో పురుగుల భారం మొదటినుంచీ తక్కువే. అయినా గుడ్డూ పప్పూ పాలూ పెట్టే పని మాత్ర చేయలేదన్నది తేలిన సంగతి.

"కడుపులో ఏమున్నా ఆ మాత్రే చాలు"

పేగులో చేరే పరాన్నజీవులన్నీ పురుగులు కావు. జియార్డియా, అమీబా కంటికి కనబడని ఏకకణ జీవులు. ఒక్క ఆల్బెండజోల్ మాత్రతో పోవు. జిడ్డుగా, దుర్వాసనతో వారాల తరబడి విరేచనాలవుతుంటే, లేదా జిగటతో నెత్తురు పడుతుంటే మలపరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మందే వాడాలి. పిల్లకు కడుపు ఉబ్బి, ఆగకుండా వాంతులవుతూ, మలమూ గాలీ పోవడం నిలిచిపోతే ఏలికపాములు ఉండచుట్టి పేగుకు అడ్డుపడి ఉండవచ్చు. అప్పుడు ఇంట్లో ఏ పురుగుల మందూ వేయకుండా, నోటికేమీ పెట్టకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.