సదస్సు ప్రభావాన్ని కొలవడం ఎలా? రోబోటిక్స్ సమావేశాల కొలమానాలు, తెలుగు సదస్సులకు అన్వయం

వ్యాససంగ్రహం

విద్వత్సదస్సులు పరిశోధనపై చూపే ప్రభావాన్ని అంచనా వేయడానికి రోబోటిక్స్ రంగం ఉల్లేఖనల సంఖ్య, హెచ్5-సూచి వంటి కొలమానాలను వాడుతోంది. అవి ఎలా పనిచేస్తాయో, ఏ సందర్భాల్లో చాలవో ఈ వ్యాసం వివరిస్తుంది. 1914నాటి గురజాడ అసమ్మతిపత్రం, గిడుగు సవరభాషాకృషి ఆధారంగా దీర్ఘకాలిక ప్రభావ స్వరూపాన్ని పరిశీలించి, తెలుగు సదస్సుల నిర్వాహకులు అనుసరించదగిన పద్ధతిని సూచిస్తుంది.

కీలకపదాలు: సదస్సు, ఉల్లేఖన, హెచ్-సూచి, రోబోటిక్స్, అసమ్మతిపత్రం, గిడుగు, గురజాడ, ఉత్తరాంధ్ర.

1. ప్రవేశిక

కళాశాలల తెలుగుశాఖలు సదస్సు ముగిశాక సమర్పించే నివేదికల్లో సాధారణంగా మూడు విషయాలు ఉంటాయి: వచ్చిన పత్రాల సంఖ్య, హాజరైన ప్రతినిధుల సంఖ్య, వ్యాససంచికకు లభించిన ఐ.ఎస్.బి.ఎన్. ఇవి సదస్సు జరిగిందనడానికి సాక్ష్యాలు. ఆ సదస్సు వల్ల పరిశోధనలో ఏమి మారిందన్న ప్రశ్నకు వీటిలో సమాధానం లేదు.

ఈ ప్రశ్న అధ్యాపకుల ఉద్యోగజీవితంతో ముడిపడి ఉంది. యు.జి.సి. 2018 నిబంధనల రెండవ పట్టిక ప్రకారం భాషా, మానవీయశాస్త్రాల్లో పత్రికావ్యాసానికి 10 మార్కులు లభిస్తాయి. సదస్సు పత్రానికి రాష్ట్రస్థాయిలో 2, జాతీయస్థాయిలో 3, దేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సులో 5, విదేశాల్లో 7 లభిస్తాయి. అంటే మార్కులను నిర్ణయిస్తున్నది సదస్సు స్థాయిని తెలిపే పేరు. పత్రాన్ని తరువాత ఎవరైనా చదివారా, వాడుకున్నారా అన్నది ఈ లెక్కలోకి రాదు. పరిశోధక పత్రికలకు ప్రామాణికంగా భావించిన యు.జి.సి. కేర్ జాబితాను కూడా 2025లో నిలిపివేశారు. నాణ్యతను ఏ ఆధారంతో చూపాలన్న బాధ్యత ఇప్పుడు సంస్థలపైన, పరిశోధకులపైన మరింతగా పడింది. సదస్సులకు పత్రికలతో సమానమైన, కొన్నిసార్లు అంతకు మించిన గౌరవమున్న రోబోటిక్స్ రంగం ఈ సమస్యను ఎలా ఎదుర్కొన్నదో తెలుసుకోవడం అందుకే ప్రయోజనకరం.

2. రోబోటిక్స్ సమావేశాలు - కొలమానాలు

యంత్రాల రూపకల్పన వేగంగా మారుతుంది కాబట్టి ఈ రంగంలో కొత్త ఫలితాలు చాలావరకు ముందుగా సమావేశాల్లోనే వెలువడతాయి. 1984లో మొదలైన ఐ.సి.ఆర్.ఎ., 1988లో మొదలైన ఐ.ఆర్.ఒ.ఎస్., 2005లో మొదలైన ఆర్.ఎస్.ఎస్. ఇందులో ప్రసిద్ధమైనవి. మన దేశంలో రోబోటిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 2013 నుండి 'అడ్వాన్సెస్ ఇన్ రోబోటిక్స్' సమావేశాలను నిర్వహిస్తోంది.

వీటి ప్రభావాన్ని కొలిచే ప్రధాన సాధనం ఉల్లేఖన, అంటే వాడుకలో సైటేషన్. ఒక పత్రాన్ని తరువాతి పరిశోధకులు ఎన్నిసార్లు ఆధారంగా పేర్కొన్నారన్నదే ఈ లెక్క. 2005లో భౌతికశాస్త్రవేత్త హార్హే హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-సూచి దీనిపైనే ఆధారపడింది. గూగుల్ స్కాలర్ దీన్ని గడచిన ఐదు పూర్తి సంవత్సరాల ప్రచురణలకు పరిమితం చేసి హెచ్5-సూచిగా ప్రకటిస్తోంది.

ఒక ఊహాత్మక ఉదాహరణతో దీన్ని గ్రహించవచ్చు. ఒక సదస్సులోని ఎనిమిది పత్రాలకు వరుసగా 40, 22, 9, 6, 5, 3, 1, 0 ఉల్లేఖనలు వచ్చాయనుకుందాం. కనీసం ఐదేసి ఉల్లేఖనలు పొందిన పత్రాలు ఐదున్నాయి. ఆరేసి పొందినవి ఆరు లేవు. కాబట్టి హెచ్-సూచి 5. మొత్తం ఉల్లేఖనలు 86, సగటు 10.75. కాని ఆ సగటును అందుకున్న పత్రాలు రెండే. ఆ రెండింటికే 62 ఉల్లేఖనలు, అంటే మొత్తంలో 72 శాతం దక్కాయి. సగటును చూసి సదస్సులోని ప్రతి పత్రమూ పదిసార్లు వినియోగమైందని భావించడం పొరపాటని దీనివల్ల స్పష్టమవుతుంది. హెచ్-సూచి ఈ దోషాన్ని కొంత సవరిస్తుంది. అయితే 40 ఉల్లేఖనలు పొందిన పత్రం 400 పొందినా సూచి 5గానే ఉంటుంది. అసాధారణమైన కృషిని గుర్తించే శక్తి దానికి లేదు.

3. కొలమానాల పరిమితులు

మొదటి పరిమితి పరిమాణానికి సంబంధించినది. ఐ.సి.ఆర్.ఎ. ఏటా వెయ్యికి పైగా పత్రాలను స్వీకరిస్తుంది. ఆర్.ఎస్.ఎస్. స్వీకరించేవి వంద ప్రాంతంలో ఉంటాయి. పత్రాలు పెరిగేకొద్దీ హెచ్-సూచి పెరిగే అవకాశం ఉన్నందువల్ల ఈ రెండింటిని ఒకే సంఖ్యతో పోల్చడం న్యాయం కాదు.

రెండవది ఉల్లేఖనలు చెదిరిపోవడం. ఒకే పరిశోధన ముందస్తు ప్రతిగా, సమావేశపత్రంగా, విస్తృత పత్రికావ్యాసంగా మూడు రూపాల్లో రావచ్చు. అప్పుడు దాని ఉల్లేఖనలు మూడు చోట్ల నమోదవుతాయి. 2016 నుండి వెలువడుతున్న 'రోబోటిక్స్ అండ్ ఆటోమేషన్ లెటర్స్' పత్రికలోని వ్యాసాలను ఐ.సి.ఆర్.ఎ. వేదికపై సమర్పించే వీలుంది. అక్కడ చర్చ సమావేశంలో జరిగినా ఉల్లేఖన పత్రిక ఖాతాలో చేరుతుంది.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. 2009లో జపాన్‌లోని కోబెలో జరిగిన ఐ.సి.ఆర్.ఎ.కు అనుబంధంగా ఏర్పాటైన కార్యశాలలో ఆర్.ఒ.ఎస్. అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పరిచయం చేస్తూ ఒక చిన్న పత్రం వచ్చింది. అది ప్రధానసంచికలోని పత్రం కాదు. తరువాత ఆ సాఫ్ట్‌వేర్ ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లో నిత్యసాధనమైంది. ఆ పత్రానికి పదివేలకు పైగా ఉల్లేఖనలు వచ్చాయి. ఆ సాఫ్ట్‌వేర్‌ను వాడుతూ మూలపత్రాన్ని పేర్కొననివారు కూడా ఎందరో ఉన్నారు. అలవాటైన సాధనానికి ఆధారం చూపాలన్న ఆలోచన రాదు. ఒక భావన అందరి సొత్తుగా మారినప్పుడు దాని మూలకర్త పేరు జారిపోయే ఈ స్థితిని సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ వివరించాడు. దీన్ని తెలుగులో 'విలీనవిస్మృతి' అనవచ్చు.

4. విలీనవిస్మృతి: ఉత్తరాంధ్ర నిదర్శనాలు

విలీనవిస్మృతికి తెలుగుదేశంలో బలమైన నిదర్శనం విజయనగరంలోనే ఉంది. పాఠ్యరచనలో వాడవలసిన తెలుగు ఎలా ఉండాలన్న వివాదంలో మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంలోని అధికసంఖ్యాకులు గ్రాంథికం వైపు నిలిచారు. వారితో విభేదిస్తూ గురజాడ అప్పారావు ఆంగ్లంలో రాసిన అసమ్మతిపత్రం 1914లో వెలువడింది. మరుసటి సంవత్సరం ఆయన మరణించారు. నాటి నిర్ణయాన్నిబట్టి కొలిస్తే ఆ పత్రం ప్రభావం శూన్యం. ఈనాడు తెలుగు పరిశోధనవ్యాసాలు ఆధునిక వ్యవహారానికి దగ్గరైన భాషలో వెలువడుతున్నాయి. అయినా అలా రాసే ప్రతివారూ అసమ్మతిపత్రాన్ని ఆధారంగా చూపరు, చూపవలసిన అవసరమూ లేదు. వాదం గెలిచినందువల్లనే ఉల్లేఖన అనవసరమైంది.

గిడుగు వేంకట రామమూర్తి కృషి మరొక విధమైన నిదర్శనం. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవరభాష నేర్చుకున్నారు, సవరలకోసం వాచకాలు రాశారు. ఆయన సవరభాషావ్యాకరణం 1931లో, సవర-ఆంగ్ల నిఘంటువు 1938లో వెలువడ్డాయి. సవర వంటి ముండా భాషలపై పనిచేసేవారి సంఖ్య ఏ కాలంలోనూ పెద్దది కాదు. ఐదేళ్ల పరిధి గల ఏ సూచీ ఈ గ్రంథాలకు గొప్ప సంఖ్యను ఇవ్వదు. అయినా దశాబ్దాల తరువాత ఆ భాషను అధ్యయనం చేయదలచినవారు వీటివద్దకే రావలసి వచ్చింది. స్థానిక ప్రాధాన్యం గల పరిశోధనను కాపాడాలని 2015లో వెలువడిన లైడెన్ ప్రకటన తన పది సూత్రాల్లో ఒకటిగా చేర్చడానికి ఇటువంటి స్థితే కారణం.

అయితే ఈ నిదర్శనాలను మన సదస్సుపత్రాల ఉపేక్షకు సమర్థనగా తీసుకోరాదు. గురజాడ పత్రం అచ్చయింది, నిలిచింది, కావలసినవారికి దొరికింది. కనబడని ప్రభావం ఉందని చెప్పడానికైనా కనబడే ప్రతి ఉండాలి.

5. తెలుగు సదస్సులకు అన్వయం

రోబోటిక్స్ రంగం తన కొలమానాల లోపాన్ని తానే గుర్తించి దిద్దుబాటు చేసుకుంది. కనీసం పదేళ్ల క్రితం వెలువడిన పత్రాల్లో అధికప్రభావం చూపినవాటికి ఆర్.ఎస్.ఎస్. 'కాలపరీక్ష' పురస్కారం ఇస్తోంది. ఇక్కడ సంఖ్య ఒక ఆధారం మాత్రమే, తీర్పు విద్వాంసులది. ఈ పద్ధతిని మన అవసరాలకు అనుగుణంగా మలచుకోవచ్చు. ఉత్తరాంధ్ర మాండలికంపై విజయనగరంలో ఒక సదస్సు జరిగిందనుకుంటే, దాని ప్రభావాన్ని కింది అంశాల ఆధారంగా నమోదు చేయవచ్చు.

అ) లభ్యత: ప్రతి పత్రం విడిగా, శాశ్వత చిరునామాతో అంతర్జాలంలో ఉండాలి. అను ఫాంట్లలో కూర్చిన సంచికలోని పాఠం శోధనయంత్రాలకు అందదు. అందనిదానికి ఉల్లేఖన రాదు. యూనికోడ్ ప్రతిని విధిగా భద్రపరచాలి.

ఆ) ఉల్లేఖన: గూగుల్ స్కాలర్ హెచ్5-సూచి ఇవ్వడానికి ఐదేళ్లలో కనీసం వంద వ్యాసాలు ఉండాలి. ఒక్క సదస్సు సంచికకు ఆ అర్హత అరుదు. కాబట్టి శోధగంగలోని తెలుగు సిద్ధాంతగ్రంథాల ఉపయుక్తగ్రంథసూచికలను చేతితో పరిశీలించాలి. రచయిత పేరు, పత్రశీర్షిక ఎప్పుడూ ఒకే వర్ణక్రమంలో ఉంటే ఈ పని సులభమవుతుంది.

ఇ) సామగ్రి పునర్వినియోగం: సేకరించిన మాండలిక పదాలు, కథలు, ధ్వనిముద్రణలు ఇతరులకు ఉపయోగపడ్డాయా అని చూడాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయపదాల సంపుటి విలువ ఈ రకమైన వినియోగంలోనే ఉంది.

ఈ) బోధన, సమాజం: పత్రంలోని అంశం పాఠ్యప్రణాళికలోకి వచ్చిందా? పదాలు చెప్పిన రైతులకు, మత్స్యకారులకు, సవరలకు ఆ ఫలితం తిరిగి చేరిందా?

ఉ) దశాబ్ద సమీక్ష: పదేళ్ల తరువాత సదస్సుతో సంబంధం లేని ముగ్గురు విద్వాంసులు సంచికను మళ్లీ చదివి, నిలిచిన పత్రాలేవో కారణాలతో సహా ప్రకటించాలి.

6. ముగింపు

1. ఉల్లేఖనసూచికలు సమీపకాలంలో ఒక సదస్సుపై కలిగిన శ్రద్ధను కొలుస్తాయి. రంగం, పరిమాణం, భాష వేరైనప్పుడు ఆ సంఖ్యలను పోల్చరాదు.

2. కోబె కార్యశాలపత్రం, గురజాడ అసమ్మతిపత్రం రెండూ ప్రధానవేదికకు, అధికసంఖ్యాకుల నిర్ణయానికి వెలుపల నిలిచిన రచనలు. గాఢమైన ప్రభావం ఉల్లేఖన అవసరంలేని వాడుకగా మారుతుందని అవి తెలియజేస్తున్నాయి.

3. తెలుగు సదస్సులకు హెచ్5-సూచి కంటె ముందు కావలసినది శోధనకు అందే ప్రతి, నమోదైన వినియోగం, పదేళ్ల తరువాతి పునఃపఠనం.

4. 'జాతీయ', 'అంతర్జాతీయ' అనే విశేషణాలకు మార్కులు ఇచ్చే విధానం కొనసాగినంతకాలం నిర్వాహకుల శ్రమ ఆ విశేషణాలను సంపాదించడానికే ఖర్చవుతుంది. పై ఐదు అంశాల నమోదును తెలుగుశాఖలు తమంతట తాము ప్రారంభిస్తే, మూల్యాంకన నిబంధనలు మళ్లీ మారే సమయానికి వారి చేతిలో వాదనతోపాటు సాక్ష్యం కూడా ఉంటుంది.