అంగుఠా పడకపోతే రేషన్ ఆగాలా?

ఆ రోజు సంఘం ఆఫీసు తాళం తీసేసరికే ఒక అక్క మెట్ల మీద కూర్చుని ఉంది. వయసు డెబ్బైకి దగ్గర. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో రేషన్ కార్డు, ఆధార్, ఒక పాత కరెంటు బిల్లు. భర్త పోయాడు, పిల్లలు లేరు, కార్డులో ఉన్నది ఆమె ఒక్కతే.

"సారూ, నా అంగుఠా పడతలేదంట. మూడు నెలల సంది గోధుమలు, బియ్యం ఇస్తలేడు."

"ఏమన్నా రాసిచ్చిండా అక్కా?"

"ఏం రాసిస్తడు సారూ? మషీన్ తీస్కుంటలేదన్నడు, అంతే."

ఆమె నలభై ఏళ్ళకు పైగా బీడీలు చుట్టింది. ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, కొన మడవడం అన్నీ వేళ్ళతో చేసే పనే. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కాబట్టి వేళ్ళకు విశ్రాంతి ఉండదు. బొటనవేలి మీద గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. సోలాపూర్‌లో తూర్పు భాగం పేటలన్నిట్లో ఇలాంటి చేతులే కనిపిస్తాయి. మగ్గం, పవర్‌లూమ్ పని కోసం మన తాతలు నిజాం ఇలాకా నుంచి ఇక్కడికి వచ్చారు. మగవాళ్ళు మిల్లుకు, ఆడవాళ్ళు బీడీకి అన్నట్టు తరాలు గడిచాయి. ఆ పని వల్ల వేలు అరిగింది, ఇప్పుడు అరిగిన వేలు వల్ల తిండి ఆగింది.

నేను సర్కారీ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. చాలా ఏళ్ళు ఆవక్-జావక్ బల్ల దగ్గరే గడిచాయి. అక్కడ నేర్చుకున్నది ఒకటే: నోటిమాటకు నంబరు ఉండదు, నంబరు లేనిదానికి జవాబు ఉండదు. ఆ అక్క దుకాణానికి మూడు నెలలు తిరిగింది కానీ ఏ రిజిస్టరులోనూ ఆమె వచ్చినట్టు లేదు. కాగితం మీద చూస్తే ఆమెకు అన్యాయం జరగనే లేదు. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మనకు రావలసింది ఎంత

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం కింద మహారాష్ట్రలో రెండు రకాల కుటుంబాలు ఉన్నాయి. అంత్యోదయ కార్డు ఉంటే ఇంటికి నెలకు 35 కిలోలు. ప్రాధాన్య కుటుంబమైతే మనిషికి 5 కిలోలు. ప్రాధాన్య కుటుంబానికి ఈ రాష్ట్రం పెట్టిన వార్షిక ఆదాయ పరిమితి పట్టణంలో 59,000 రూపాయలు, పల్లెలో 44,000. 2023 జనవరి నుంచి ఈ ధాన్యం ఉచితం, 2024 జనవరి నుంచి ఇంకో ఐదేళ్ళు పొడిగించారు. అదే చట్టం ప్రకారం కార్డుపై కుటుంబ పెద్దగా ఉండవలసింది ఇంట్లో 18 ఏళ్ళు నిండిన ఆడవాళ్ళలో పెద్దావిడ. కాబట్టి ఇది ఆడవాళ్ళ కార్డు. వాళ్ళే ధైర్యంగా అడగాలి.

వేలిముద్ర పడకపోతే

2017 సెప్టెంబరులో జార్ఖండ్ సిమ్‌డేగా జిల్లాలో రేషన్ ఆగిన ఇంట్లో ఒక పదకొండేళ్ళ పాప చనిపోయింది. ఆకలితోనే పోయిందని తల్లి చెప్పింది. దేశమంతా గొడవ అయింది. ఆ తరువాత 2017 అక్టోబర్ 24న కేంద్ర ఆహార శాఖ అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసింది. ఆధార్ లేదని పేరు తీసేయకూడదు, వేలిముద్ర గానీ నెట్‌వర్క్ గానీ పనిచేయకపోతే కార్డు చూసి ధాన్యం ఇవ్వాలి, ఇచ్చినట్టు వేరే రిజిస్టరులో రాసుకోవాలి అన్నది దాని సారం. 2018 సెప్టెంబర్ 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు కూడా యంత్రం గుర్తుపట్టలేదన్న కారణంతో అర్హులకు అందేది ఆగకూడదన్న వైపే నిలబడింది.

కాబట్టి దుకాణంలో ఈ వరుసలో అడగండి.

మొదట, ఒక వేలు పడకపోతే మిగతా వేళ్ళు పెట్టి చూడమనండి. చేతులు కడిగి తుడుచుకుంటే ఒక్కోసారి పడుతుంది.

కార్డులో పేరుండి ఆధార్ కలిపి ఉన్న ఇంటివాళ్ళు ఎవరి వేలైనా చాలు. అవ్వ వేలే పడాలని లేదు, కోడలో మనవడో వెళ్ళవచ్చు.

ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి ఉంటే ఓటీపీ అడగండి. కంటిపాప యంత్రం ఉన్నచోట అది వాడమనండి.

మంచం పట్టినవాళ్ళు, వికలాంగులు తమ బదులు ఇంకొకరిని నామినీగా రాయించుకోవచ్చు.

ఇవేవీ కుదరకపోతే కార్డు చూసి రిజిస్టరులో రాసి ఇవ్వమని 2017 లేఖ పేరు చెప్పి అడగండి. గొంతు పెంచవద్దు. దుకాణదారు మన పేటవాడే అయి ఉంటాడు, అతనికీ పైనుంచి భయం ఉంటుంది.

దుకాణంతోనే తగువు ఉంటే ఇంకో దుకాణానికి వెళ్ళవచ్చు. 2022 నాటికి 'వన్ నేషన్ వన్ రేషన్ కార్డ్' దేశమంతా అమలైంది. భివండీకో సూరత్‌కో పనికి పోయినవాళ్ళు కూడా అక్కడే తీసుకోవచ్చు, కార్డు మార్చుకోనక్కరలేదు.

ఊరుకుంటే ఏమవుతుంది

'పోనీలే, వచ్చే నెల చూద్దాం' అనుకోకండి. 2025 జూలైలో కేంద్రం రేషన్ నియంత్రణ ఉత్తర్వును సవరించింది. వరుసగా ఆరు నెలలు ధాన్యం తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపేస్తారు. తరువాత మూడు నెలల్లోగా ఇంటికి వచ్చి విచారించి, ఇ-కేవైసీ చేసి అర్హత తేలుస్తారు. వేలు పడక తీసుకోలేకపోయిన అక్క, అక్కరలేక తీసుకోనివాళ్ళ లెక్కలోకి పోయే ప్రమాదం ఉంది. మూడు నెలలు పోగొట్టుకున్న మనిషి మరో మూడు నెలలు నోరు మూసుకుంటే కార్డే నిద్రపోతుంది.

ఇ-కేవైసీకి కూడా అంగుఠాయే దిక్కు కాదు. 'మేరా ఇ-కేవైసీ' యాప్‌లో ముఖం చూపించి చేసుకునే వీలుంది. దానికి ఆధార్ ముఖం యాప్ కూడా ఫోన్‌లో ఉండాలి, ఓటీపీకి ఆధార్‌కు కలిపిన నంబరు చేతిలో ఉండాలి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే పని తొందరగానే అవుతుంది.

పేరు తంటా

ఇది పూర్తిగా మన తెలుగువాళ్ళ తంటా. ఉదాహరణకు పుట్టింటి లెక్కన గడ్డం లక్ష్మి అనుకుందాం. ఇంటిపేరు ముందు, పేరు వెనక. మరాఠీ పద్ధతిలో పేరు, తరువాత తండ్రి లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు. పైగా గౌరవంగా 'బాయి' చేరుస్తారు. దాంతో పెళ్ళయిన లక్ష్మి రేషన్ కార్డులో 'లక్ష్మీబాయి నర్సయ్య' అయి చివర అత్తింటి ఇంటిపేరు తగిలించుకుంటుంది. ఆధార్‌లో వట్టి 'లక్ష్మి' ఉంటుంది, బ్యాంకులో ఇంకోలా ఉంటుంది. తెలుగు నుంచి మరాఠీకి, మరాఠీ నుంచి ఇంగ్లిషుకు పోయేసరికి 'నర్సయ్య' స్పెల్లింగు మూడు రకాలవుతుంది. మనిషి ఒక్కతే, యంత్రానికి ముగ్గురు.

నా సలహా ఒకటే. ఒక కాగితాన్ని ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిచేయించండి. బడికి పోయినవాళ్ళకు స్కూలు దాఖలా, పోనివాళ్ళకు ఆధార్. కొత్త కోడలి పేరు, పుట్టిన పిల్లల పేర్లు ఎక్కించేటప్పుడే అక్షరం అక్షరం చూసుకోండి. 'తరువాత మారుద్దాం' అన్నది ఏ ఆఫీసులోనూ సులభం కాదు.

అర్జీ ఏ భాషలో రాయాలి?

'మరాఠీలో రాసుకుని రా' అని వెనక్కి పంపేశారని చాలామంది చెబుతారు. రాజ్యాంగం 350వ అధికరణం ఏమంటుందంటే, తనకు జరిగిన అన్యాయం తీర్చమని కేంద్రం లేదా రాష్ట్రం ఏ అధికారికైనా, ఆ కేంద్రంలో లేదా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. తెలుగు అందులో వస్తుంది. తెలుగులో రాసిందన్న కారణంతో అర్జీ తీసుకోము అనడానికి వీల్లేదు.

అయితే హక్కు వేరు, పని జరగడం వేరు. తెలుగులో ఇచ్చినదానికి జవాబు తెలుగులోనే ఇవ్వాలని ఆ అధికరణం చెప్పలేదు. చదివే గుమాస్తాకు తెలుగు రాకపోతే అర్జీ బల్ల కింద చేరుతుంది. అందుకే పైన తెలుగు, కింద మరాఠీ, రెండూ రాసి ఇవ్వండి. మరాఠీ రాయడానికి మన పిల్లలే ఉన్నారు, సంఘం ఆఫీసు ఉంది. మరాఠీ రాసేవాడు దొరకలేదని మాత్రం ఇంట్లో కూర్చోకండి.

ఒక్క జాగ్రత్త. 2005 సమాచార హక్కు చట్టం కింద పెట్టే దరఖాస్తుకు ఈ సౌకర్యం లేదు. అది ఇంగ్లిషులో గానీ హిందీలో గానీ ఆ ప్రాంతపు అధికార భాషలో గానీ ఉండాలి. రాయడం రాకపోతే నోటితో చెప్పింది రాసుకోవడానికి అక్కడి సమాచార అధికారి సాయం చేయాలని అదే చట్టం చెబుతుంది.

పోచ్ లేకుండా కదలవద్దు

అర్జీ పొడుగ్గా ఉండనక్కరలేదు. మేము ఆ అక్కకు రాసిపెట్టింది ఇంతే:

"నా పేరు ఇది, కార్డు నంబరు ఇది, దుకాణం నంబరు ఇది. ఫలానా మూడు నెలలు నేను దుకాణానికి వెళ్ళాను. వేలిముద్ర పడలేదని ధాన్యం ఇవ్వలేదు. నా ఇంట్లో వేరే మనిషి లేరు. వేరే పద్ధతిలో ధాన్యం ఇప్పించండి. ఆగిన మూడు నెలలకు చట్టం 8వ సెక్షన్ కింద ఆహార భద్రతా భత్యం ఇప్పించండి. లేదంటే కారణం రాసి ఇవ్వండి."

చివరి వాక్యం ముఖ్యం. రాసి ఇవ్వాలంటే ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు.

రెండు ప్రతులు తీసుకెళ్ళండి. ఒకటి లోపల ఇచ్చి, రెండోదాని మీద ఆఫీసు ముద్ర, తారీఖు, ఆవక్ నంబరు వేయించుకోండి. దీన్నే ఇక్కడ 'పోచ్' అంటాం. పోచ్ ఇవ్వము అంటే పోస్టాఫీసుకు పోయి స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి.

ఆ పైన రెండు మెట్లు ఉన్నాయి. ఆహార భద్రతా చట్టం 15వ సెక్షన్ కింద ప్రతి జిల్లాకూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, ఆయన మీద 16వ సెక్షన్ కింద రాష్ట్ర ఆహార కమిషన్. పరిష్కార అధికారి చెప్పిన సాయం కారణం లేకుండా అందించని ఉద్యోగికి 5,000 రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 33వ సెక్షన్ చెబుతుంది. ఫోన్ చేయాలంటే 1967. వేరే రాష్ట్రంలో రేషన్ తీసుకునేవాళ్ళకు 14445. ఫోన్ చేసినా ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి.

కొత్త కార్డు, పేరు చేర్చడం వంటి పనులకు మహారాష్ట్రలో 2015 సేవా హక్కు చట్టం ఉంది. ఏ పని ఎన్ని రోజుల్లో చేయాలి, ఎవరు చేయాలి, చేయకపోతే అప్పీలు ఎవరికి అన్నది ఆఫీసు గోడ మీద బోర్డుగా ఉండాలి. గడువు దాటినా, కాదన్నా 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయవచ్చు. ఊరికే ఆలస్యం చేసిన అధికారికి 500 నుంచి 5,000 రూపాయల జరిమానా ఉంది.

ఇవి ఒక్క సోలాపూర్ మాటలు కావు. ఆహార భద్రతా చట్టం, 350వ అధికరణం హోసూరులోనూ, రాయగడలోనూ, బళ్ళారిలోనూ ఒక్కటే. కర్ణాటకలో సేవల చట్టాన్ని 'సకాల' అంటారు, అది 2011ది. ఒడిశాలో 2012ది. కార్డు రంగు, ఆఫీసు పేరు మారుతుంది. పోచ్ అడగడం మాత్రం అన్ని చోట్లా ఒకటే.

ఆ అక్క సంగతి

ఆమె అర్జీ ఇచ్చాం, పోచ్ తెచ్చాం. సంఘంలో ఉన్న ఒక కుర్రాడు ముఖం చూపించి ఇ-కేవైసీ చేశాడు. ఆమె ఆధార్‌కు పాత ఫోన్ నంబరు ఉంటే ముందు అది మార్పించవలసి వచ్చింది, దానికే ఒక పూట పోయింది. తరువాతి నెల నుంచి గోధుమలు, బియ్యం ఇస్తున్నారు. ఆగిన మూడు నెలల భత్యం ఇంకా రాలేదు, అర్జీ మీద అర్జీ నడుస్తోంది.

మొన్న మళ్ళీ వచ్చింది. ఈసారి తన పని కోసం కాదు, వెంట పక్కింటావిడను తీసుకొచ్చింది. ఆవిడదీ అదే కథ, ఐదు నెలలుగా ధాన్యం లేదు. మెట్ల మీద కూర్చుంటూ ఆమెతో అంటోంది: "ఏం భయపడకు. ఊకే మాటలు చెప్పి రాకు, పోచ్ తీస్కో."

మీ వాడలో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళ కార్డు ఈ నెల ఒకసారి అడిగి చూడండి. చివరిసారి ధాన్యం ఎప్పుడు తెచ్చుకున్నారో కనుక్కోండి. ఆరు నెలలు దాటకముందే కాగితం కదలాలి.