నరం లాగుతోంది

జనవరి, పొద్దున్న ఆరు గంటలు. ఆ వేళకి భిలాయిలో నోరు తెరిస్తే పొగలొస్తాయి. సెక్టార్ పార్కులో చాపలు పరుచుకుని నిలబడ్డ పదిమందిలో మా బావ ఒకడు. చేతులు పైకెత్తి, ముందుకు వంగి, పాదాలు ముట్టుకోమన్నారు. బావ వంగాడు. వేళ్ళు మోకాళ్ళు దాటి జానెడు దిగి, అక్కడే ఆగిపోయాయి.

"ఔర్ థోడా, సాబ్" అన్నాడు నేర్పించే కుర్రాడు.

బావ తల తిప్పకుండానే నాతో తెలుగులో అన్నాడు: "ఇంకొంచెం వంగితే విరుగుతాను బావా. నరం లాగుతోంది."

బావకి యాభై రెండు. భిలాయి ఉక్కు కర్మాగారంలో, రైలు పట్టాల మిల్లులో ఉద్యోగం. ఆ కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. ఆ కట్టుబడి రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చినవాళ్ళలో వాళ్ళ నాన్న ఒకరు. ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేశాడు, గొంతుక్కూర్చుని చుట్ట కాల్చాడు, డెబ్భై దాటాక కూడా అలాగే లేచాడు. ఆసనం అన్న మాట ఆయనకి అక్కర్లేకపోయింది. కొడుకు క్వార్టర్లోకి డైనింగ్ టేబులూ, కమోడూ, సోఫా వచ్చాయి. తుంటి కీలు పూర్తిగా మడత పడే సందర్భం రోజులో ఒక్కటీ మిగల్లేదు. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా జనం బారులు తీరితే, ఆ బారులో నిలబడ్డ బంధువులు ఫోటోలు పంపారు. అదే నెలలో బావ రక్తపరీక్షలో షుగరు గీత మీద నిలబడింది. అప్పటికీ యోగాకి రావడానికి ఆర్నెల్లు ఆలోచించాడు లెండి.

ఇంతకీ లాగిన నరం ఏది?

తెలుగులో నరం అంటే చాలా అర్థాలు. చేతి మీద ఉబ్బిన రక్తనాళం నరమే, మడమ వెనక గట్టిగా తగిలే స్నాయువు నరమే, మెదడు కబుర్లు మోసే నాడీ నరమే. డాక్టర్లకి ఈ మాట వింటే విసుగు. "అది నరం కాదండీ, కండరం" అని సరిదిద్దుతారు. మొన్నమొన్నటిదాకా నేనూ అలాగే సరిదిద్దేవాణ్ణి. కానీ గత ముప్ఫై ఏళ్ళ పరిశోధనలు చదివాక, ఆ పాతమాటలో మనం అనుకున్నదానికంటే ఎక్కువ నిజం ఉందనిపించింది.

వంగలేనివాడికి తొడ వెనక కండరాలు పొట్టిగా ఉంటాయనీ, రోజూ లాగితే పొడవవుతాయనీ అందరూ చెప్పే మాట. డెన్మార్క్‌లో పీటర్ మాగ్నుసన్ బృందం దీన్ని సూటిగా పరీక్షించి 1996లో ఫలితాలు ప్రచురించింది. కొందరికి ఒక కాలికి మాత్రమే మూడు వారాలు సాగదీత చేయించారు, రెండో కాలిని వదిలేశారు. తర్వాత యంత్రం మీద కాలిని నెమ్మదిగా చాపుతూ, ఏ కోణంలో కండరం ఎంత ఎదురు లాగుతోందో కొలిచారు. సాధన చేసిన కాలు మునుపటికంటే ఎక్కువ చాచుకుంది. విచిత్రం ఏమిటంటే, పాత కోణం దగ్గర కండరం ఎదురు లాగే బలం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. కండరం మెత్తబడలేదు, పొడవవలేదు. ఆ మనిషి "ఇక చాలు" అనే చోటు ఒక్కటే ముందుకు జరిగింది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఆరు వారాలు పిక్కలు సాగదీయించి, అల్ట్రాసౌండ్‌తో కండరాన్నీ స్నాయువునీ చూసినవాళ్ళకీ 2014లో ఇదే కనిపించింది.

అంటే బావ వేళ్ళు ఆగిన చోట ఆపింది చాలావరకు కాపలా. కండరంలో కదురు ఆకారంలో చిన్న చిన్న గ్రాహకాలుంటాయి. కండరం ఎంత సాగుతోంది, ఎంత వేగంగా సాగుతోంది అన్నది అవి క్షణక్షణం వెన్నుపాముకి చెబుతుంటాయి. తటాలున లాగితే వెన్నుపాము మెదణ్ణి అడక్కుండానే "బిగించు" అని ఆజ్ఞ ఇస్తుంది. 1924లో లిడెల్, షెరింగ్టన్ వివరించిన ప్రతీకార చర్య ఇది. ఊపుతో వంగి వంగి పాదాలు అందుకోవాలని చూసేవాడు తన కాపలాదారుతోనే కుస్తీ పడుతున్నాడన్నమాట. దీనికి పైన మెదడు లెక్క ఒకటుంది: ముప్ఫై ఏళ్ళుగా ఈ మనిషి ఈ కోణంలోకి రాలేదు, అక్కడేముందో తెలీదు, నొప్పి అని చెప్పి ఆపేద్దాం. ఆ కోణంలో ప్రమాదం లేదని రోజూ కాస్త కాస్త చూపిస్తే ఆ లెక్క మారుతుంది.

అసలు నరం, అంటే నాడి, లాగడం కూడా లేకపోలేదు. దీన్ని మీరే చూసుకోవచ్చు. కుర్చీ అంచున కూర్చుని, నడుం వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, ఒక కాలు ముందుకు చాపండి. మోకాలి వెనక లాగడం మొదలయ్యాక, కాలు కదపకుండా తల మాత్రం పైకెత్తండి. లాగుడు తగ్గిందా? తొడ వెనక కండరం తుంటి దగ్గర మొదలై మోకాలి కింద ముగుస్తుంది, మెడతో దానికి చుట్టరికం లేదు. మెడ నుంచి కాలి దాకా ఏకంగా సాగే తీగ నాడీ వ్యవస్థ ఒక్కటే. తల ఎత్తగానే తగ్గిన ఆ లాగుడు నాడిది. పార్కులో బావ చేత ఇది చేయించాను. "నేను ముందే చెప్పాను కదా" అన్నాడు.

కథ అంతా కాపలాదే అనుకోకూడదు. 1972లో ఫ్రాన్స్‌లో తబారీ, తార్ద్యూ పరిశోధకులు బ్రిటన్‌కి చెందిన గోల్డ్‌స్పింక్‌తో కలిసి పిల్లుల కాళ్ళకి పిండికట్టు కట్టారు. పిక్క కండరాన్ని ముడుచుకున్న స్థితిలో కట్టి ఉంచితే, దాని పోగుల్లో వరసగా ఉండే సంకోచ విభాగాలు నలభై శాతం దాకా తగ్గిపోయాయి. కట్టు విప్పాక నాలుగు వారాల్లో మళ్ళీ మామూలయ్యాయి. సోఫా అంటే పిండికట్టు కాదు గానీ, వాడని పొడవుని శరీరం దాచిపెట్టదని ఆ పిల్లులు చెబుతున్నాయి. పిల్లి మణికట్టు మీదే 1962లో జాన్స్, రైట్ ఇంకో లెక్క తీశారు: కీలు బిగువులో 47 శాతం కీలుని చుట్టిన సంచిది, 41 శాతం కండరానిది, 10 స్నాయువుది, 2 చర్మానిది. ఆ సంచి సాగాల్సింది కాదు, కీలు జారిపోకుండా పట్టుకోవాల్సింది.

ఇక్కడ బావ తన ఉక్కు బుద్ధి బయటపెట్టాడు. వాళ్ళ మిల్లులో 130 మీటర్ల పట్టా ఒక్క అతుకు లేకుండా ఎర్రగా బయటికొస్తుంది. చల్లారేటప్పుడు వంకర తిరుగుతుంది, ఎందుకంటే దాని తల లావు, పాదం పలచన, రెండూ ఒకే వేగంతో చల్లారవు. ఆ వంకర తీయడానికి రోలర్ల మధ్య నుంచి పంపి, సాగే హద్దు దాటేదాకా అటూ ఇటూ వంచుతారు. "హద్దు దాటిస్తేనే పట్టా మాట వింటుంది. నా వీపు మీద ఎవరైనా కూర్చుంటే పోలా?" అన్నాడు.

పోదు. పట్టా ఉక్కు పావు శాతం సాగిందంటే హద్దుకి వచ్చినట్టే. అది దాటితే విరక్కుండా కొత్త ఆకారంలో నిలిచిపోతుంది, అదే దాని గొప్ప. స్నాయువు అంతకంటే ఎన్నో రెట్లు సాగి వెనక్కి వస్తుంది, కానీ నాలుగు శాతం దాటితే పోగులు తెగడం మొదలవుతుంది. తెగిన పోగు కొత్త ఆకారం కాదు, గాయం. యోగా మొదలుపెట్టిన ఉత్సాహవంతులు కొందరికి పిరుదు కింద, కూర్చునే ఎముక దగ్గర నెలల తరబడి వదలని నొప్పి పట్టుకునేది ఇలాగే.

ఉక్కుకి లేని గుణం ఒకటి కండరానికి ఉంది. చల్లని పట్టాని వంచి పట్టుకుంటే గంట తర్వాత కూడా అంతే బలంతో ఎదురు తోస్తుంది. కండరాన్ని సాగదీసి కదలకుండా పట్టుకుంటే, క్షణాల్లోనే ఎదురు బలం తగ్గిపోతూ వస్తుంది. 1990లో అమెరికాలో కుందేలు కండరాల మీద కొలిచినప్పుడు ఆ తగ్గుదలలో పెద్ద వాటా మొదటి 12 నుంచి 18 సెకన్లలోనే కనిపించింది. నాలుగుసార్లు చేశాక అదనంగా వచ్చేది కొంచెమే. మనుషుల తొడ కండరాల మీద బ్యాండీ, ఐరియన్ 1994లో 15, 30, 60 సెకన్లు పోల్చి చూస్తే ముప్ఫై సెకన్లు సరిపోయాయి, అరవై పట్టుకున్నా అదనపు లాభం కనబడలేదు. అరవై అయిదు దాటినవాళ్ళలో మాత్రం 2001లో ఇంకొకరు చూసినప్పుడు అరవై సెకన్లదే పైచేయి అయింది. పట్టాకి కొలిమిలో సుమారు 1200 డిగ్రీల వేడి కావాలి. కండరానికి ఒకటి రెండు డిగ్రీలు పెరిగినా తేడా తెలుస్తుంది, పార్కు చుట్టూ పది నిమిషాలు నడిస్తే చాలు.

వేళ సంగతికొస్తే, తెల్లవారుజామునే లేచి ఆసనాలు వెయ్యాలన్న నియమం నడివయసు నడుముకి అంత మంచిది కాదు. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచేటప్పటికి మనం సాయంత్రం కంటే సెంటీమీటరు, ఒక్కోసారి రెండు, పొడుగ్గా ఉంటాం. ఉబ్బిన డిస్కు వంగడానికి ఇష్టపడదు. 1987లో బ్రిటన్‌లో మైకేల్ ఆడమ్స్ బృందం లెక్క ప్రకారం, ముందుకు వంగినప్పుడు డిస్కు మీద పడే ఒత్తిడి సాయంత్రంతో పోలిస్తే పొద్దున్నే మూడు నాలుగు రెట్లు. లేచిన గంటా రెండు గంటల్లో నీళ్ళు చాలావరకు దిగిపోతాయి. డిస్కుకి సూర్యుడితో పని లేదు, మంచం దిగిన వేళే దానికి తెల్లవారు. నైట్ షిఫ్ట్ చేసి మధ్యాహ్నం రెండింటికి లేచే రోజుల్లో బావకి రెండున్నరకి వేసే, ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం పొద్దున్న ఆరింటి ఆసనమే. ఇది విన్నాక అతను సాధన సాయంత్రానికి మార్చుకున్నాడు. చలి తప్పించుకోవడానికి దొరికిన సాకు కూడానేమో.

షుగరు సంగతి చెప్పాలి, ఎందుకంటే మన తెలుగిళ్ళలో అది లేని ఇల్లు వెతకాలి. రెండు అరచేతులూ కలిపి నమస్కారం పెట్టండి. వేళ్ళ మధ్య, అరచేతుల మధ్య సందు లేకుండా ఆనుతున్నాయా? చాలాకాలంగా మధుమేహం ఉన్న కొందరికి ఆనవు. దీనికి డాక్టర్లు పెట్టిన పేరే నమస్కారానికి సంబంధించింది, ప్రార్థన గుర్తు అంటారు. 1974లో అమెరికాలో రోజెన్‌బ్లూమ్, ఫ్రియాస్ మధుమేహం ఉన్న చిన్నవయసు వాళ్ళలోనే ఈ కీళ్ళ బిగువుని గమనించి రాశారు. రక్తంలో ఎక్కువైన చక్కెర కొల్లాజెన్ పోగులకి అంటుకుని, పక్కపక్క పోగుల్ని ముడివేస్తుంది. భుజం పట్టేయడం మధుమేహుల్లో ఎక్కువ కావడం కూడా ఈ కుటుంబంలోదే.

ఈ ముడులు ఎందుకు విడవవో 2013లో డెన్మార్క్ వాళ్ళు కనిపెట్టిన తీరు నాకు చాలా ఇష్టం. 1950లు, 60ల్లో గాల్లో పేల్చిన అణుబాంబుల వల్ల వాతావరణంలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగి, తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. ఏ కణజాలం ఏ సంవత్సరంలో తయారయిందో దాంతో తేదీ వేసుకోవచ్చు. మడమ వెనక స్నాయువుని అలా పరీక్షిస్తే, దాని లోపలి భాగం మనిషి ఎత్తు పెరిగే మొదటి పదిహేడేళ్ళలో తయారై ఆగిపోయిందని తేలింది. ఆ తర్వాత దాదాపు మార్పు లేదు. అంటే బావ ఇవాళ పార్కులో ఏ స్నాయువు మీద నిలబడ్డాడో అది 1990 నాటి సరుకు. ముప్ఫై అయిదేళ్ళుగా తిన్న తీపిలో కొంత దాన్ని అంటుకునే ఉంది. దాన్ని కొత్తది చేసే ఆసనం లేదు. చేయగలిగిందల్లా కొత్త చక్కెర అంటుకోకుండా చూసుకోవడం, అందులో పిక్కలకీ తొడలకీ పని చెప్పడం ఒక భాగం.

ఎముక దగ్గర మాత్రం బేరం లేదు. తొడ ఎముక మెడ తిరిగిన కోణం, తుంటి గుంట లోతు పుట్టుకతో, పెరుగుదలతో వచ్చినవి, మనిషి మనిషికీ మారతాయి. ఎముక ఎముకకి తగిలే చోట ఏ ఓర్పూ పనిచెయ్యదు. పద్మాసనానికి కావలసిన తిప్పుడు తుంటిలో దొరక్కపోతే, అది మోకాలి మీద పడుతుంది. మోకాలు తలుపు బందులాంటిది, తిప్పితే లోపలి మెత్తటి దిండు చిరగొచ్చు. అరవయ్యోపడికి దగ్గరపడుతూ ఎముకలు పలచబడ్డ ఆడవాళ్ళు ముందుకి గుండ్రంగా వంగే ఆసనాల జోలికి పోకపోవడమే మంచిది. 1984లో సినాకి, మికెల్సెన్ చూసిన అలాంటి స్త్రీలలో, వంగే వ్యాయామాలు చేసిన గుంపులో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా నలిగాయి. వెనక్కి వంగే వ్యాయామాలు చేసినవాళ్ళలో 16 శాతం. శీర్షాసనంలో కంటి ఒత్తిడి రెట్టింపవుతుందని చెన్నై శంకర నేత్రాలయ వైద్యులు 2006లో కొలిచి చూపారు. గ్లకోమా ఉన్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

వంగలేనివాడికి నేలని పైకి తెచ్చే ఉపాయం పుణేలో బి.కె.ఎస్. అయ్యంగార్ చేశారు. చెక్క దిమ్మలు, పట్టీలు, గోడకి తాళ్ళు వాడారు. బావకి దిమ్మ దొరక్క రెండు పాత టెలిఫోన్ డైరెక్టరీలు పెట్టుకున్నాడు. నెలకొకటి తీసేస్తానన్నాడు. మూడు నెలలకి ఒకటి తీశాడు.

ఒళ్ళు ఎంత మాట వింటోందో చూసుకోవడానికి బ్రెజిల్‌లో క్లాడియో జిల్ అరౌజో అనే వైద్యుడి పరీక్ష ఒకటుంది. నేల మీద కూర్చోవడానికి అయిదు మార్కులు, లేవడానికి అయిదు. చెయ్యిగానీ మోకాలుగానీ ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు పోతుంది. 51 నుంచి 80 ఏళ్ళ వయసున్న 2,002 మందిని ఆయన పరీక్షించి, ఆరేళ్ళకి పైగా గమనించి 2012లో ప్రచురించారు. మార్కులు తక్కువ వచ్చినవాళ్ళలో మరణాలు ఎక్కువ. లేవలేకపోవడం చంపుతుందని దీనర్థం కాదు, లోపల ఏదో కుంటుపడుతోందనడానికి అదొక గుర్తు.

బావకి ఈ పరీక్ష పెట్టలేదు గానీ, మొన్న వేసవిలో పెళ్ళికని దుర్గ్‌లో రైలెక్కి విజయనగరం వెళ్ళాం. ఊళ్ళో వాళ్ళు ఇంకా పంక్తులు నేల మీదే వేశారు. అయిదేళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ కుర్చీ అడిగేవాడు, ఈసారి అడక్కుండా వెళ్ళి చాప మీద కూర్చున్నాడు. అరిటాకులో పులిహోర దగ్గర్నుంచి పెరుగన్నం దాకా అలాగే కూర్చుని తిన్నాడు. లేచేటప్పుడు మాత్రం ఎడం చెయ్యి నాకందించి, కుడి చెయ్యి ఎంగిలిది కాబట్టి నేలకి ఆనించలేక మోకాలు ఆనించాడు. రెండు మార్కులు పోయాయని నేను అనలేదు.